బల్ల మీద అంతా బాగానే ఉంది

సర్వీస్ సెంటర్‌లో బల్ల కదలదు. పైన ట్యూబ్‌లైటు, పక్కన ఏసీ, చేతికందే దూరంలో చుక్క కూడా హెచ్చుతగ్గుల్లేకుండా అయిదు వోల్టులిచ్చే చార్జర్. అలాంటి బల్ల మీద పెట్టిన ప్రతిసారీ నా నావిగేటర్ ముత్యంలా పనిచేసింది. బండి హ్యాండిల్ మీద పెడితే మాత్రం పనిచేయలేదు. పంటి నొప్పి డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయినట్టు, నా దగ్గర ఆగిపోయే వస్తువు వాళ్ల దగ్గర ఎందుకు ఆగడంలేదో తేలడానికి ఎండాకాలం గడిచి వానలు కూడా పడ్డాయి. తేలిన సంగతి చిన్నదే. అది తేలే దారిలో కస్టమర్ కేర్ అన్నది లోపల ఎలా కట్టి ఉంటుందో చూశాను. దాని గురించే రాయాలనిపించింది.

నా పని సోలార్ పంపుల తనిఖీ. ఖమ్మంలో బయల్దేరి కొత్తగూడెం, భద్రాచలం మీదుగా చింతూరు దాకా, ఒక్కోసారి మారేడుమిల్లి ఘాటు దిగి రంపచోడవరం వరకు కూడా వెళ్తాను. గూడేల్లో బోరుకు చిరునామా ఉండదు. ఆఫీసువాళ్లిచ్చే కాగితం మీద అక్షాంశం, రేఖాంశం, రైతు పేరు ఉంటాయి. అదే పేరుతో ఆ గూడెంలో నలుగురుంటారు. ఊళ్లోకి చేరితే ఎవరో ఒకరు చేయిపట్టుకుని తీసుకెళ్తారు గాని, తారురోడ్డు వదిలి ఏ మట్టిదారి ఎక్కాలో చెప్పడానికి రోడ్డు మీద మనిషి కనబడొద్దూ!

ఫోనుంది కదా అంటారు అందరూ. ఫోను తెర ఎండలో కనబడదు. తడిసిందంటే వేలికి పలకదు, గ్లౌజు వేసుకుంటే అసలే పలకదు. పైగా బండి కుదుపు ఫోను కెమెరాకు మంచిది కాదు. ఈ మాట నాది కాదు. పెద్ద ఇంజన్ల మోటార్‌సైకిళ్ల మీద ఐఫోన్‌ను నేరుగా బిగించవద్దని, కెమెరాలో చేతి వణుకును సరిచేసే భాగాలు ఆ అదురుకు దెబ్బతినవచ్చని 2021 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ తన వెబ్‌సైట్‌లోనే రాసిపెట్టింది. తన వస్తువు ఎక్కడ పాడవుతుందో ముందే చెప్పిన కంపెనీ మీద నాకు గౌరవం కలిగింది. ఆ గౌరవంతో వాళ్ల ఫోను కొనలేదనుకోండి, అది వేరే సంగతి. మోటార్‌సైకిల్ కోసమే తయారుచేశామని చెప్పుకునే నావిగేటర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ధర నా నెల జీతంలో సగానికి కాస్త అటుగా ఉంది.

అది రెండు ముక్కలు. ఒకటి తెర ఉన్న నావిగేటర్. రెండోది క్రేడిల్, అంటే హ్యాండిల్‌కు బిగించే గూడు. బ్యాటరీ నుంచి వచ్చే వైరు క్రేడిల్‌లోకి వెళ్తుంది, క్రేడిల్ మధ్యలో నాలుగు చిన్న స్ప్రింగు పిన్నులుంటాయి, నావిగేటర్ వీపున ఉన్న నాలుగు రేకు చుక్కలకు అవి ఆనుకుంటాయి. టక్కుమని కూర్చోబెట్టడం, నొక్కి తీసేయడం. బండి ఆపి టీ తాగడానికి వెళ్లేటప్పుడు జేబులో వేసుకోవచ్చు. కొన్న కొత్తలో ఆ టక్కుమనే చప్పుడంటేనే నాకు ముచ్చటగా ఉండేది.

పెట్టె మీద పెద్దక్షరాలతో ఐపీ 67 అని ఉంది. మొదటి ఆరు అంకె దుమ్ము లోపలికి పోదని, తర్వాతి ఏడు మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా ఫరవాలేదని. మన ఏజెన్సీ దారులకు ఈ రెండూ కావలసినవే. అయితే ఆ రెండంకెలూ దుమ్ము గురించి, నీటి గురించి మాత్రమే మాట్లాడతాయి. కుదుపు గురించి ఒక్క ముక్క లేదు. వాహనాల్లో వాడే ఎలక్ట్రానిక్ పరికరాలను ఎలా కుదిపి చూడాలో చెప్పే ప్రమాణం వేరే ఉంది, ఐఎస్‌ఓ 16750లో మూడో భాగం. దాని ఊసు పెట్టె మీద ఎక్కడా కనబడలేదు. ఒంటి సిలిండరు ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే సెకనుకు యాభై అదుర్లు. గంట ప్రయాణంలో 1,80,000. చింతూరు వెళ్లి వచ్చేసరికి ఆ క్రేడిల్ ఎన్ని లక్షలసార్లు అదిరి ఉంటుందో లెక్కగట్టుకోవచ్చు. ఈ లెక్కలన్నీ తర్వాత వేసుకున్నవి. కొనేటప్పుడు తెర ఎన్ని అంగుళాలో చూస్తాం.

వేసవి మొదట్లో మొదలైంది. తెర మీద ఒక హెచ్చరిక వచ్చేది, బయటి కరెంటు ఆగిపోయింది, ఆపేస్తున్నాను అని. అంకెలు వెనక్కి లెక్కపెట్టుకుంటూ నల్లబడేది. ఒక్కోసారి సగం లెక్కలో మనసు మార్చుకుని మళ్లీ వెలిగేది. పూర్తిగా ఆగిందంటే దానంతటదే లేచి, కంపెనీ బొమ్మ చూపించి, ఉపగ్రహాలు వెతుక్కుని, నేనెక్కడున్నానో తెలుసుకునేలోపు తిరగాల్సిన మట్టిదారి వెనకపడిపోయేది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. తెలుగు కోసం నంబరు నొక్కాక, మీ కాల్ మాకెంతో విలువైనదని ఒక గొంతు చాలాసేపు చెప్పాక, నిజం మనిషి పలికింది. గోదావరి జిల్లాల యాస. మర్యాదైన మనిషి. నేను చెప్పినదంతా విని, "సార్, మీరున్న చోట నెట్‌వర్క్ ఉందాండీ?" అంది. లేదన్నాను, చింతూరు నుంచి మారేడుమిల్లి దాకా అడవిలో ఫోన్‌లో గీతలు వస్తూ పోతూ ఉంటాయని చెప్పాను. "అదేనండీ సార్ సమస్య" అంది సంతోషంగా.

జీపీఎస్‌కు సెల్ టవర్‌తో పనిలేదు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయాన్ని ప్రసారం చేస్తుంటాయి. కనీసం నాలుగింటి నుంచి వచ్చిన సమయాలను పోల్చుకుని పరికరం తన చోటును లెక్కగట్టుకుంటుంది. గడియారంలో సెకనులో పదిలక్షలో వంతు తేడా పడినా చోటు మూడువందల మీటర్లు పక్కకు పోతుంది. అంత సున్నితమైన వ్యవహారం. దట్టమైన చెట్ల కింద, లోయల్లో ఆ సంకేతం బలహీనపడుతుంది, బాణం రోడ్డు వదిలి పక్క వాగులో నడుస్తుంది. అది నాకూ తెలుసు. కాని నాది బాణం తప్పడం కాదు, పెట్టెకు కరెంటు పోవడం. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. "అర్థమైందండీ సార్. అయినా ఒకసారి నెట్‌వర్క్ బాగున్న ఏరియాలో ట్రై చేసి చూడండి" అంది.

తర్వాతి కాల్‌లో వేరే అబ్బాయి. అతనిది ఎండ సిద్ధాంతం. లిథియం బ్యాటరీని నలభై అయిదు డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు, అందుకే పరికరం తనను తాను కాపాడుకోవడానికి చార్జింగ్ ఆపేస్తుంది, వీలైనంతవరకు నీడలో వాడండి అన్నాడు. మాట తప్పని చెప్పలేను, శాస్త్రమే. మే నెలలో కొత్తగూడెం దారిన మోటార్‌సైకిల్‌ను నీడలో ఎలా నడపాలో కూడా చెబితే బాగుండేది. పొద్దున్నే చల్లటి పూట కూడా ఆగుతోందని చెప్పాను. టికెట్ నంబరిచ్చి, పరికరం పంపమన్నాడు. నావిగేటర్ మాత్రమే పంపండి, యాక్సెసరీలు పంపవద్దు అని మెయిల్ వచ్చింది. ఆ వాక్యం కింద గీత గీసి మరీ ఉంది.

పంపాను. తిరిగొచ్చింది. లోపమేమీ కనబడలేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం అన్న కాగితంతో. ఇంటి దగ్గర చార్జర్‌కు పెట్టి చూశాను, భేషుగ్గా ఉంది. క్రేడిల్‌లో పెట్టుకుని భద్రాచలం వెళ్లాను, ఏ గొడవా లేదు. వాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ తర్వాతి వారం మళ్లీ మొదలు.

మా అన్నయ్య కూతురు గచ్చిబౌలిలో కాల్ సెంటర్‌లో పనిచేస్తుంది. విదేశీ వాషింగ్ మెషిన్ల ఫిర్యాదులు, రాత్రి షిఫ్టు. పండక్కి వచ్చినప్పుడు నా టికెట్ కాగితం చూపించాను. సమస్య అన్న గడిలో బ్యాటరీ నిలవడంలేదు అని ఉంది.

"నేనలా చెప్పలేదమ్మా" అన్నాను.

"నువ్వు చెప్పింది వాళ్లు విన్నార్లే బాబాయ్. రాసుకోవడానికి చోటుండదు. తెర మీద జాబితా ఉంటుంది. స్క్రీన్, బ్యాటరీ, మ్యాప్, సాఫ్ట్‌వేర్, ఇతరాలు. కరెంటు పోతోందన్నావు కదా, బ్యాటరీ నొక్కి ఉంటాడు."

"ఇతరాలు నొక్కొచ్చుగా?"

"రోజుకు నాలుగైదు ఇతరాలు పడితే టీమ్ లీడర్ పక్కకు పిలుస్తాడు. పైగా ఇతరాలు నొక్కితే రాయాలి. రాస్తే కాల్ టైమ్ పెరుగుతుంది. మాకు సగటు కాల్ టైమ్ ఇంత అని లెక్కుంటుంది. నీలాంటి కస్టమర్ ఒకడొస్తే ఆ రోజు భోజనం బ్రేకు గోవిందా."

"నాలాంటి అంటే?"

"ఉపగ్రహాల గురించి చెప్పేవాళ్లు."

ఆ పిల్ల చెప్పిన మీదట నాకు దారి మొత్తం కనబడింది. నేను ఫోన్‌లో ఓ పది వాక్యాలు చెప్తాను. అవి జాబితాలో ఒక మాట అవుతాయి. ఆ మాట ఇంకో ఊళ్లో బల్ల ముందు కూర్చున్న టెక్నీషియన్‌కు చేరుతుంది. బ్యాటరీ అని ఉంది గనక అతను బ్యాటరీ పరీక్షిస్తాడు. అది బాగానే ఉంటుంది. బాగానే ఉందని నిజాయితీగా రాస్తాడు. ఈ గొలుసులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ పని ఎగ్గొట్టలేదు. ఎవరి మీదైనా కోప్పడదామంటే మనిషి దొరకడు. ఇదేమీ నాకొక్కడికి జరిగేదీ కాదు. వారంటీ మీద వెనక్కి వచ్చి, పరీక్షలో లోపం కనబడక అలాగే తిరిగి పోయే సరుకు గురించి ఎలక్ట్రానిక్స్ తయారీ రంగంలో ఎప్పట్నుంచో తలలు పట్టుకుంటూనే ఉన్నారు. ఎన్‌టీఎఫ్ అని దానికి పొట్టిపేరు కూడా పెట్టుకున్నారు, నో ట్రబుల్ ఫౌండ్. అప్పుడప్పుడూ వచ్చిపోయే లోపాలే అందులో ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

రెండోసారి ఫిర్యాదు చేసినప్పుడు కంపెనీ ఉదారంగా నావిగేటర్‌నే మార్చింది. వచ్చింది కొత్తది కాదు, బాగుచేసి పంపినది, అయినా చూడ్డానికి బాగుంది. దాన్ని క్రేడిల్‌లో పెట్టాను. కొద్దిరోజులకు ఇదీ అదే పాట. రెండు వేర్వేరు పరికరాలు, ఒకటే జబ్బు. అంటే జబ్బు పరికరానిది కాదు. ఈ మాట కస్టమర్ కేర్‌కు చెబితే, "అయితే మీ బండి వైరింగ్ చెక్ చేయించుకోండి సార్" అన్నారు.

బండి షోరూంకు వెళ్లాను. సర్వీస్ అడ్వైజర్ వైరు చూశాడు, పెదవి విరిచాడు. బయటివాళ్లతో బ్యాటరీ నుంచి వైరు లాగించారు గనక ఎలక్ట్రికల్ వారంటీ గురించి తాము మాటివ్వలేమన్నాడు. బండిలో ఏ లోపమూ లేదు, ఆ పరికరం కంపెనీ వాళ్లనే అడగండి అన్నాడు. వైరు లాగిన కుర్రాడి దుకాణానికి పోతే, తన పని అరచేతిలో పెట్టి చూపించాడు. ఫ్యూజు ఉంది, రిలే ఉంది, టేపు చుట్టిన తీరు కూడా చక్కగా ఉంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం!

దొరికింది మా ఖమ్మం బస్టాండు దగ్గర్లో ఉండే పెద్దవయసు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర. హారన్లు, డైనమోలు, సెల్ఫ్ మోటార్లు బాగుచేసే దుకాణం. నావిగేటర్ అంటే ఏమిటో ఆయనకు పెద్దగా పట్టలేదు. "ఇది ఏం చేస్తదో నాకొద్దు సార్. కరెంటు యాడికెల్లి వస్తది, యాడికి పోతది, అది చెప్పండి" అన్నాడు. చెప్పాను. మల్టీమీటరు తీశాడు. ఇంజను ఆపి ఉండగా బ్యాటరీ దగ్గర పన్నెండున్నర, స్టార్ట్ చేశాక పద్నాలుగు. క్రేడిల్ దాకా వచ్చే వైరు దగ్గరా అంతే. పిన్నుల దగ్గర అయిదు వోల్టులు. అన్నీ బాగున్నాయి. ఇక్కడే అందరూ ఆగిపోయారు. ఆయన ఆగలేదు. నావిగేటర్‌ను క్రేడిల్‌లో కూర్చోబెట్టి, ఇంజను నడుస్తుండగానే యాక్సిలరేటరు మెల్లగా తిప్పుతూ ఎక్కువ అదిరే చోట పట్టి ఉంచాడు. తెర మీద హెచ్చరిక వచ్చింది. బొటనవేలితో నావిగేటర్‌ను క్రేడిల్‌కు అదిమి పట్టాడు. హెచ్చరిక పోయింది. వేలు తీశాడు, వచ్చింది. అదిమాడు, పోయింది.

"ఇగో సార్. మీ రోగం రెంటి నడుమ ఉన్నది" అన్నాడు.

పిన్నులను టార్చి వేసి చూపించాడు. నాలుగింటిలో ఒకటి నల్లబడి ఉంది. చూపుడువేలితో తుడిస్తే మసిలాంటి పొడి అంటింది. పిల్లల పెన్సిల్ రబ్బరు ఒకటి సొరుగులోంచి తీసి పిన్నులను, రేకు చుక్కలను నాలుగుసార్లు రుద్దాడు. మళ్లీ బండి అదిరించి చూశాడు, తెర నిలబడింది. ఇరవై రూపాయలు తీసుకున్నాడు. "కొన్నిరోజులు నడుస్తది. పూత పోయింది గనక మళ్లా వస్తది. గూడు మార్చాలె" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ నలుపు గురించి చదివాను. రెండు లోహపు ముక్కలు ఆనుకుని ఉండి, నిరంతరం వెంట్రుకవాసి కంటే తక్కువ దూరం కదులుతుంటే పైనున్న పూత అరిగిపోతుంది. బయటపడ్డ లోహం గాలి తగిలి ఆక్సైడ్ అవుతుంది. ఆ పొడి సందులోనే ఉండిపోయి కరెంటును అడ్డుకుంటుంది. అది పూర్తిగా తెగిన తీగ కాదు, దారిలో పడ్డ అడ్డు. అసలు విశేషం ఏమిటంటే, పరికరాన్ని ఒకసారి తీసి పెడితే ఆ రాపిడికి పొడి కొంత తుడుచుకుపోతుంది, కరెంటు మళ్లీ పారుతుంది. అంటే నేను దాన్ని క్రేడిల్ నుంచి తీసి, అట్టపెట్టెలో పెట్టి, కొరియర్ చేసి, తెప్పించుకుని, మళ్లీ పెట్టిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగైపోయినట్టు కనబడేది. వాళ్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు నేను పెట్టిన దండం అసలు చెందాల్సింది ఆ టక్కుమనే రాపిడికి.

ఇంకా విచిత్రం ఏమిటంటే, లోపం ఉన్న వస్తువునే పంపవద్దని వాళ్లు గీత గీసి మరీ రాశారు. దాంట్లో దురుద్దేశం నాకు కనబడదు. కొరియర్ బరువు తగ్గుతుంది, చిల్లర సామాను తప్పిపోతే గొడవలుండవు. వెయ్యి ఫిర్యాదులు చూసే మనిషికి అది తెలివైన నియమమే. కాకపోతే ఆ నియమం వల్ల ఒక రకం లోపం ఆ సర్వీస్ సెంటర్ గుమ్మం ఎప్పటికీ ఎక్కదు. ఎక్కదు గనక లెక్కలోకి రాదు. లెక్కలోకి రాదు గనక క్రేడిల్ బాగానే ఉందని వాళ్ల రికార్డులన్నీ చెబుతాయి. పిన్ను మార్చాలన్న ఆలోచన తయారీదారుకు ఎక్కడినుంచి వస్తుంది? ఈ సంగతి తట్టాక నాకు నా నావిగేటర్ కంటే ఆ గొలుసు మీద ఎక్కువ ఆసక్తి పుట్టింది. లోపం నావిగేటర్‌కు, క్రేడిల్‌కు నడుమ ఉంది. బాధ్యత ఫోనెత్తే విభాగానికి, బాగుచేసే విభాగానికి, యాక్సెసరీలు అమ్మే విభాగానికి నడుమ ఉంది. అదుర్లు అక్కడే, నలుపు అక్కడే.

వీడియో తీశాను. ఆటో ఎలక్ట్రీషియన్ గారి బొటనవేలు అదిమి తీయడం, తెర రావడం పోవడం, అంతా ఒక నిమిషం లోపే. నల్లబడ్డ పిన్ను ఫొటో ఒకటి. ఫోన్ చేసి చెప్పాను. ఈసారి అమ్మాయి చాలా సానుభూతిగా వింది, క్షమాపణ అడిగింది, వీడియో తీసుకునే వీలు తన దగ్గర లేదంది. క్రేడిల్ యాక్సెసరీ కిందికి వస్తుంది, యాక్సెసరీకి వారంటీ ఆరు నెలలే, అది దాటిపోయింది, కొత్తది కొనుక్కోవచ్చు, ప్రస్తుతం స్టాక్ లేదు. ఈ నాలుగు ముక్కలూ ఎంతో తియ్యగా చెప్పింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని చిన్నప్పట్నుంచి వింటూ పెరిగాం. ఇక్కడ మంచి నోరు ఒకరి దగ్గర, ఊరు ఇంకొకరి దగ్గర ఉన్నాయి. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పే అధికారం ఎంతైనా ఉంది, క్రేడిల్ పంపే అధికారం లేదు. అది ఉన్నవాళ్లకు ఫోన్ నంబరు లేదు.

కాల్ అయిపోగానే మార్కులు వేయమని మెసేజ్ వచ్చింది, ఒకటి నుంచి అయిదు. సున్నా లేదని చిరాకేసింది. మా పిల్ల ముందే చెప్పి ఉండబట్టి చేయి ఆగింది. ఆ మార్కు వస్తువుకు పడదు, కంపెనీకి పడదు, మాట్లాడిన మనిషికి పడుతుంది. వాళ్ల ఆఫీసులో నాలుగు వచ్చినా ఎందుకు తగ్గిందని అడుగుతారట. అయిదు నొక్కాను. ఆ అమ్మాయి నిజంగానే బాగా మాట్లాడింది. క్రేడిల్‌కు మార్కు వేసే చోటు ఎక్కడా లేదు.

ఆ తర్వాత చట్టం చదివాను. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మనలాంటివాళ్లకు పనికొచ్చే మంచి మార్పులున్నాయి. అమ్మినవాడి ఊరికి పోనక్కరలేదు, మనం ఉండే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకు రుసుము లేదు. రెండేళ్ల లోపు వేయాలి. అంతకంటే ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. లోపం చూడగానే తేలకపోతే నమూనాను సీలు వేసి ప్రయోగశాలకు పంపిస్తారు, నలభై అయిదు రోజుల్లో నివేదిక ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఇక్కడ నాకు నవ్వొచ్చింది. సీలు వేసిన కవరులో నా క్రేడిల్ ఏదో ప్రయోగశాలకు చేరుతుంది, అక్కడా ఒక బల్ల ఉంటుంది, అదీ కదలదు. కుదిపి చూడండని ఎవరో ఒకరు ముందే రాయకపోతే అక్కడా అంతా బాగానే ఉంటుంది.

కమిషన్ దాకా పోలేదు. అవసరం పడలేదు. ఆన్‌లైన్‌లో కొన్నాను గనక, అమ్మిన వేదికకు ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండితీరాలని, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఆ ఆఫీసర్ మెయిల్ చిరునామా వాళ్ల పేజీ అడుగున ఎక్కడో చీమతలంత అక్షరాల్లో ఉంటుంది. వెతికి పట్టుకున్నాను.

ఉత్తరం రాయడానికి మా పిల్లనే కూర్చోబెట్టాను. నేను రాసిన మొదటి ప్రతి రెండున్నర పేజీలు వచ్చింది. ఉపగ్రహాలున్నాయి, ఆక్సైడ్ ఉంది, మారేడుమిల్లి అడవి అందం కూడా కొంత ఉంది. ఆ పిల్ల కొట్టేస్తూ పోయింది.

"ఎవరు చదువుతారో వాళ్లు ఏ మీట నొక్కాలో అది చెప్పు బాబాయ్. నీ బాధ వద్దు."

"బాధ లేకుండా ఫిర్యాదేమిటే?"

"బాధ రాస్తే సారీ అని సమాధానం వస్తుంది. బిల్లు గురించి రాస్తే బిల్లు గురించి వస్తుంది."

చివరికి మిగిలింది అయిదారు వాక్యాలు. బిల్లు నంబరు. రెండు నావిగేటర్లలోనూ అదే లోపం వచ్చింది. లోపం క్రేడిల్ పిన్నులో ఉంది, వీడియో జత చేశాను. క్రేడిల్ విడిగా కొన్నది కాదు, నావిగేటర్‌తో ఒకే పెట్టెలో వచ్చింది, బిల్లులో ఒకే వరస, ఒకే ధర, వారంటీ ఏడాది. క్రేడిల్ మార్చండి. అంతే. నాకు అది ఉత్తరంలా అనిపించలేదు, టెలిగ్రాంలా ఉంది. కాని ఆ బిల్లులో ఒకే వరస అన్న మాట నేను ఫోన్‌లో ఎన్నడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు, అడగడానికి వాళ్ల జాబితాలో అలాంటి గడీ లేదు. మొత్తం వ్యవహారంలో బరువున్న మాట అదొక్కటే అని ఆ పిల్ల ఎలా కనిపెట్టిందో! రోజంతా అవతలి కుర్చీలో కూర్చునేవాళ్లకు తెలుస్తుంది కాబోలు.

అందినట్టు సమాధానం గడువులోనే వచ్చింది. కొన్నాళ్లకు ఒక ఇంజనీరు ఫోన్ చేశాడు. నాకు మాట్లాడటానికి దొరికిన మొదటి ఇంజనీరు. తమిళ యాసతో ఇంగ్లిషు, మధ్యమధ్య తెలుగు. వీడియో చూశానన్నాడు. నేను ఏమీ వివరించనక్కర్లేకుండానే నల్లబడ్డది ఏ వైపు పిన్ను అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో నా కోపం సగం దిగిపోయింది. నమ్మి అడిగే మనిషి కోసమే ఇన్నాళ్లూ వెతికానేమో! మీ దగ్గర క్రేడిల్‌ను పరీక్షించరా అని అడిగాను. "మా దగ్గర టేబుల్ మీద ఒక క్రేడిల్ ఉంటుంది సార్. వచ్చిన ప్రతి యూనిట్‌నూ దాంట్లోనే పెట్టి చూస్తాం" అన్నాడు. అది రోజూ పదిమందివి పెడుతూ తీస్తూ ఉండే క్రేడిల్, దాని పిన్నులు ఎప్పుడూ మెరుస్తూనే ఉంటాయి. ఈ మాట ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది, ఇద్దరం నవ్వాం. పాత క్రేడిల్ తనకు పంపగలరా, చూడాలని ఉందన్నాడు. కంపెనీ నియమం ఒప్పుకోదు కదా అన్నాను. తన పేరు మీద పంపమన్నాడు.

కొత్త క్రేడిల్ వచ్చింది. పాతది పంపించాను. ఆయన దాన్ని ఏం చేశాడో, ఎవరికి చూపించాడో నాకు తెలియదు. కొత్తదాని పిన్నులు చూడ్డానికి పాతవాటిలాగే ఉన్నాయి. నెలకోసారి పెన్సిల్ రబ్బరుతో తుడుస్తున్నాను, క్రేడిల్ కింద ఒక రబ్బరు వాచరు వేయించాను, పని జరుగుతోంది. శబరి పొంగినప్పుడు చింతూరు పక్క దారులు మునిగిన సంగతి మాత్రం నావిగేటర్‌కు ఇప్పటికీ తెలియదు. దానికి ఫోన్ చేసి ఎవరో ఒకరిని అడగాల్సిందే.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు నా బండి దగ్గర నిలబడి, తనూ ఇలాంటిదొకటి కొంటానన్నాడు. ఏది తీసుకోమంటావన్నా అని అడిగాడు. గూడు విడిగా అమ్ముతారా, అమ్మితే ఎంత, దాని వారంటీ బిల్లు మీద రాసిస్తారా, బాగుచేసే చోటు ఏ ఊళ్లో ఉంది, పాడైతే ఏ ముక్క పంపమంటారు, ఇవి కనుక్కుని రమ్మన్నాను. అతను బుద్ధిగా తలూపుతూ విన్నాడు. అంతా అయ్యాక, "అది సరే అన్నా, స్క్రీన్ ఎన్ని అంగుళాలు?" అన్నాడు.